దసరా సెలవుల్లో కృష్ణ వెంట: పాలమూరు నుంచి సాగర్ దాకా

పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, అనగానే ఎండలు, కరువు, వలసలే గుర్తొచ్చేవాళ్లు బతుకమ్మ రోజుల్లో ఒక్కసారి ఇటు రావాలి. వానలు వెనకపట్టు పట్టి ఉంటాయి. గట్ల మీద తంగేడు పసుపు పచ్చగా విరగబూస్తుంది, చేలల్లో గునుగు తెల్లగా నిలబడుతుంది. పత్తి పగలడం మొదలవుతుంది, కంది పూతకొస్తుంది. అన్నిటికీ మించి కృష్ణలో నీళ్లుంటాయి. మహారాష్ట్ర కొండల్లో కురిసిన వాన కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్ నింపుకొని కృష్ణ మండలం తంగిడి దగ్గర తెలంగాణలోకి వస్తుంది. అక్కడే భీమ కలుస్తుంది. ఆ తర్వాత జూరాల, శ్రీశైలం వెనక జలాలు, నాగార్జునసాగర్ వరుసగా నిండుతూ పోతాయి. మా ఇంట్లో దసరా సెలవులకు దారి వేసుకునేది ఈ నీటి వరుసను బట్టే. ఊళ్ల పేర్లు రాసుకొని తిరిగేకన్నా ఏ ప్రాజెక్టు నిండిందో చూసుకొని బయల్దేరితే, ఏ చోటికి పోయినా దాని మంచి రోజుల్లో చూసినట్టవుతుంది.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు మొదటి మజిలీ బాలానగర్. జడ్చర్లకు ముందే వస్తుంది. సీతాఫలంలో బాలానగర్ రకమని దేశమంతా పేరున్నది ఈ ఊరి పేరుతోనే. సీజన్లో హైవే పక్కన తట్టలు వరుసగా కనిపిస్తాయి. చాలామంది బాగా మెత్తబడ్డ పండ్లు ఏరుకొని డిక్కీలో పెట్టుకుంటారు, సాయంత్రానికి అవన్నీ చితికి ఉంటాయి. కాయను చేతిలోకి తీసుకొని కళ్ల మధ్య సందులు చూడాలి. కన్ను విచ్చి, ఆ సందు లేత పసుపులోకి తిరిగితే కాయ ముదిరినట్టు. సందులు ఇంకా బిగుసుకొని ముదురాకుపచ్చగా ఉంటే పచ్చిదే, ఇంటికి తీసుకుపోయినా నల్లబడుతుంది కానీ పండదు. మేం కొనే దగ్గర ఒక పెద్దావిడ కూర్చుంటుంది. "ఇయి గట్టి కాయలు బిడ్డా, బియ్యంల పెట్టు, ఎల్లుండి వరకు మెత్తగైతయి" అని తనే ఏరి ఇస్తుంది. తొలి వారాల్లో ధర ఎక్కువే ఉంటుంది, దసరా దాటాక దిగుతుంది. గట్లెక్కి తెంపుకొచ్చే కష్టం వాళ్లది. అందుకే నేను తట్ట దగ్గర పెద్దగా బేరం చేయను.

పిల్లలుంటే పాలమూరు పట్టణంలో పిల్లలమర్రి చూపించండి. దాదాపు ఏడు వందల ఏళ్ల మర్రి అని చెప్తారు. మూడెకరాలకు పైగా పరుచుకుంది, తల్లి మొదలు ఏదో ఊడ ఏదో గుర్తుపట్టడం కష్టం. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించి బతికించుకున్న చెట్టు ఇది. కాబట్టి కంచె బయటినుంచే చూడమన్నప్పుడు చూడాలి. ఊడలు పట్టుకొని ఊగడం మా చిన్నప్పటి ముచ్చట, ఇప్పుడు ఆ చెట్టుకు మన బరువు వద్దు. గంట చాలు ఇక్కడ.

అసలు ప్రయాణం దేవరకద్ర దాటాక మొదలవుతుంది. కోయిల్‌సాగర్ నిజాం కాలంలో కట్టిన ప్రాజెక్టు. రెండు గుట్టల మధ్య నిండుగా ఉంటే కట్ట మీద నిలబడి చూడటానికి ఎంతో బాగుంటుంది. కొట్లు, హోటళ్లు ఏమీ ఆశించొద్దు. ఇంటినుంచి జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ కట్టుకొని పోతాం, అక్కడ చెట్టు నీడన తింటాం.

తర్వాత జూరాల. ప్రాజెక్టు మీదుగానే రోడ్డు ఉంది. గేట్లు ఎత్తిన రోజయితే నీటి తుంపర మొహాన కొడుతుంది, పక్కనున్న మనిషి మాట వినపడదు. పైనుంచి వరద వస్తేనే గేట్లెత్తుతారు. ఆశ్వయుజం నాటికి కొన్నేళ్లు ఆ వరద తగ్గిపోయి ఉంటుంది, కాబట్టి ముందురోజు వార్తల్లో జూరాల ఇన్‌ఫ్లో ఎంతుందో చూసుకొని పోవడం మంచిది. గేట్లు మూసి ఉన్నా నిరాశపడేదేం లేదు, ఎందుకంటే జూరాలకు సగం మంది వచ్చేది చేపల కోసమే. కళ్ల ముందే చేపను తూకం వేసి, గాట్లు పెట్టి, ఉప్పూకారం, అల్లంవెల్లుల్లి గాట్లలోకి దిగేలా రుద్ది పెద్ద బాణలిలో వేస్తారు. "ఇయ్యాల్టియేనా అన్నా?" అంటే "పొద్దుగాల వలల పడ్డయే అక్కా, చెవులు సూడు" అని మొప్పలు ఎత్తి చూపించాడు ఒకతను. ఎర్రగా ఉన్నాయి. నేను చూసేది ఇంకొకటి: బాణలిలో నూనె. నల్లబడి నురగ కడుతుంటే పక్క కొట్టుకు పోతాను. పోటీ బాగా ఉండేచోటే నూనె తొందరగా మారుస్తారు, అందుకే గిరాకీ ఎక్కువున్న కొట్టే మేలు. అన్నం, చారు ఆశించొద్దు. చేప, ఉల్లిగడ్డ, నిమ్మకాయ, అంతే.

ఒక కష్టం మాత్రం చెప్పాలి. నీళ్ల దగ్గర ఇంతమంది చేరుతున్నా ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి దొరకడం కష్టంగానే ఉంది. జూరాల ఒక్కచోటే కాదు, చాలా ప్రాజెక్టుల దగ్గర ఇదే పరిస్థితి. అత్తమ్మ మోకాళ్ల నొప్పులతో వచ్చినప్పుడు ఈ బాధ మరీ తెలిసింది. అందుకని గద్వాలలోనో, హైవే మీది పెట్రోలు బంకులోనో ఆ పని చూసుకొని బయల్దేరేలా సమయం పెట్టుకుంటాం. పర్యాటకానికి బోర్డులు పెట్టేముందు కట్టాల్సింది ఇవి.

గద్వాలలో చీరలు కొనకపోయినా మగ్గం చూడండి. నూలు ఒడలు (చీర నడిమి భాగం), పట్టు అంచు, పట్టు కొంగు. మూడూ విడివిడి పోగులు, నేతలోనే ఒకదానికొకటి ముడివేసి కలుపుతారు. మేం చూసిన ఇంట్లో నేతగాడు ఒడలు నేస్తుంటే, పక్కన ఆయన భార్య అంచు నాడె (అడ్డపోగు వేసే పనిముట్టు) అందించి లాగుతోంది. అంచు, ఒడలు కలిసేచోట వేలితో రాసి చూడమన్నారు. సన్నని గీతలాగా తగిలింది, తిరగేసినా అలాగే ఉంది. మరమగ్గం చీరకు ఆ గీత ఉండదు. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిన చీర ఇది. దుకాణంలో కొంటే రంగులు ఎక్కువ దొరుకుతాయి, నేతగాడి ఇంట్లో కొంటే డబ్బు నేరుగా అతనికి చేరుతుంది. దసరాకు ముందు వారం మాత్రం ఇళ్లలో తయారుగా చీరలు మిగలవు, ముందే చెప్పి పెట్టుకోవాలి. కోట లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, డిగ్రీ కాలేజీ కూడా అందులోనే నడుస్తుంది.

రాత్రి బసకు గద్వాలా, ఆలంపూరా అన్నది మా ఇంట్లో ప్రతిసారీ చర్చే. గద్వాలలో లాడ్జీలు ఉన్నాయి, తిండి దొరుకుతుంది, రైలు ఉంది. కానీ పండుగ రోజుల్లో ఒక లాడ్జిలో ఫోన్లో చెప్పిన అద్దె ఒకటి, తీరా పోయాక అడిగింది ఒకటి. వేడినీళ్లు బకెట్‌కు ఇంత అని వేరే లెక్క. అప్పటినుంచి గది చూశాకే డబ్బు ఇస్తున్నాం. ఆలంపూర్‌లో హరిత హోటల్ గుళ్లకు దగ్గర, తెల్లారి ఎండ రాకముందే గుడి చూడాలనుకునేవాళ్లకు అదే నయం. సాయంత్రం ఏడు దాటితే ఊళ్లో తినడానికి పెద్దగా ఏమీ ఉండదు, భోజనం ముందే చెప్పుకోవాలి. ఇంకా సౌకర్యం కావాలంటే కర్నూలు పాతిక కిలోమీటర్లే. మేం ఇద్దరమే పోతే ఆలంపూర్, అత్తమ్మ ఉంటే కర్నూలు.

ఆలంపూర్‌కు నేను ఎక్కువ సమయం ఇస్తాను. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టిన నవబ్రహ్మ ఆలయాలు తుంగభద్ర ఒడ్డున ఉన్నాయి. పేరు బ్రహ్మ అయినా లోపలున్నది శివుడే. బాలబ్రహ్మేశ్వరుడికి నిత్యపూజ జరుగుతుంది, జనమంతా అక్కడ, జోగులాంబ అమ్మవారి గుడిలోనే ఉంటారు. మిగతావి దాదాపు ఖాళీ. స్వర్గబ్రహ్మ ఆలయం గోడల చుట్టూ నెమ్మదిగా తిరిగి దిక్పాలకులను పిల్లలతో వెతికించండి, ఎవరి వాహనం ఏదో వాళ్లే చెప్తారు. చాలా గుళ్ల శిఖరాలు మన దక్షిణాది గోపురాల్లా మెట్లుమెట్లుగా ఉండవు, ఉత్తరాది పద్ధతిలో వంపు తిరిగి పైన ఆమలకంతో (ఉసిరికాయ ఆకారపు రాయితో) ముగుస్తాయి. శ్రీశైలం ప్రాజెక్టులో మునుగుతుందని కృష్ణా తుంగభద్రల కూడలి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి తిరిగి నిలబెట్టిన కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా ఇక్కడే ఉంది. చాలామంది అది చూడకుండానే వెళ్లిపోతారు, నాకు బాధేస్తుంది. 2009 అక్టోబరు వరదలో ఈ ఊరంతా నీట మునిగింది, నదిని చూస్తూ అది తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. శరన్నవరాత్రుల్లో జోగులాంబ దర్శనానికి క్యూ పెద్దది. శిల్పం చూడాలంటే దసరా దాటాక రండి, అమ్మవారి అలంకారాలు చూడాలంటే ఆ తొమ్మిది రోజుల్లోనే రండి. రెండూ ఒకే పూట కుదరవు.

కృష్ణ అక్కడినుంచి కొల్లాపూర్ దగ్గర సోమశిలకు వచ్చేసరికి నదిలా ఉండదు. శ్రీశైలం నీటిమట్టం 885 అడుగుల పూర్తి స్థాయికి దగ్గరైతే ఇక్కడ గుట్టల మధ్య ఎటు చూసినా నీళ్లే. ఏటి కవతల సప్తనదుల సంగమేశ్వరం చూద్దామని ఈ కాలంలో వచ్చేవాళ్లున్నారు. అది వానాకాలం నుంచి నీళ్లలోనే ఉంటుంది, బయటపడేది వేసవికి దగ్గరగా. ఇప్పుడు సోమశిలకు రావాల్సింది లాంచీ కోసం. పర్యాటక సంస్థ వాళ్లు శ్రీశైలం దాకా నడిపే లాంచీ నల్లమల మధ్యనుంచి పోతుంది, నీరు చాలినన్నాళ్లే ఉంటుంది, సరిపడా మంది ఎక్కితేనే కదులుతుంది. ఫోన్ చేసి ఖాయం చేసుకోనిదే ఇంటినుంచి కదలొద్దు. పూట సెలవు మాత్రమే ఉన్నవాళ్లకు చిన్న పడవ షికారు చాలు, కానీ లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి. ఒడ్డున కాటేజీలున్నాయి, తెల్లవారుజామున వలలు తీసే పుట్టీలు కనిపిస్తాయి. నేను చూసిన బసల్లో కిటికీ తెరిస్తే ఇంత బాగుండేది మరొకటి లేదు. కొల్లాపూర్‌లో మాధవస్వామి ఆలయం కూడా మంచాలకట్ట నుంచి ముంపు భయంతో తరలించి తెచ్చిందే.

అచ్చంపేట వైపు తిరిగితే నల్లమల. ఉమామహేశ్వరంలో కొండ కింద పాపనాశనం దగ్గర రాతిలోంచి నీటి చుక్కలు రాలుతుంటాయి. మల్లెలతీర్థం చూడాలంటే వటవర్లపల్లి దగ్గర శ్రీశైలం రోడ్డు వదిలి అడవిలోకి పోయి, మూడు వందల పైచిలుకు మెట్లు దిగాలి. వానలు ఆగిన కొత్తలో జలపాతం నిండుగా, దారి కాస్త పొడిగా ఉంటుంది. దిగేటప్పుడు ఉత్సాహమే, ఎక్కేటప్పుడు మోకాళ్లు లెక్క చెప్తాయి, పెద్దవాళ్లను పైనే కూర్చోబెట్టడం మంచిది. ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం ఇది. ప్లాస్టిక్ తీసుకుపోవద్దు, కోతులకు ఏమీ పెట్టొద్దు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేస్తారు, వెనక్కి వచ్చే వేళ ముందే చూసుకోవాలి. మన్ననూరులో అటవీశాఖ కాటేజీలు శుభ్రంగా ఉంటాయి, సఫారీతో కలిపి ముందే బుక్ చేసుకోవాలి. పులి కనపడుతుందని పిల్లలకు మాటివ్వకండి, ఫర్హాబాద్ అంచున నిలబడి అడవిని చూడటానికని చెప్పి తీసుకుపోండి.

నల్లగొండ వైపు పోయేవాళ్లు కల్వకుర్తి, దేవరకొండ మీదుగా సాగర్ చేరొచ్చు. 1955లో నెహ్రూ పునాదిరాయి వేసిన డ్యాం, 26 క్రస్టు గేట్లు. గేట్లెత్తారని టీవీలో రాగానే హైదరాబాదంతా అక్కడే ఉంటుంది, కార్లు కిలోమీటర్ల కొద్దీ ఆగుతాయి. ఆదివారం వద్దు, వారం మధ్యలో పోండి. జనం తాకిడి భరించలేకపోతే బుద్ధవనం అనే బౌద్ధ పార్కులో కూర్చోండి. 2022లో తెరిచారు, 274 ఎకరాలు, మహాస్తూపం లోపల గాలి చల్లగా ఉంటుంది. నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ రోజంతా కదలకుండా నిలబడుతుంది. అది ఏ స్తంభం నీడో కనిపెట్టమని మా అబ్బాయిని అడిగాం. మండపంలో స్తంభాల ముందు ఒక్కొక్కచోట చేతులు అడ్డం పెట్టి చూశాడు, ఏ ఒక్కదానిదీ కాదని తేల్చాడు. చుట్టూ పడి చెదిరిన వెలుగు స్తంభాల మధ్యనుంచి లోపలికి పోయి కలిసి చేసే నీడ అది. పక్కనే ఉదయసముద్రం, సాయంత్రం అక్కడే.

సద్దుల బతుకమ్మ నాడు మాత్రం ఎక్కడున్నా పాలమూరు తిరిగొస్తాం. ఆ రోజు ఊళ్లు తిరగాలని చూడొద్దు. రోడ్లన్నీ చెరువుల వైపే నడుస్తుంటాయి, బండి కదలదు. పొద్దున్నే పిల్లలతో గట్ల వైపు పోయి తంగేడు, గునుగు తెంపుకు రావడమే ఆనాటి షికారు. మార్కెట్లో కట్టలు దొరుకుతాయి కానీ, తంగేడు కొమ్మ వంచి పువ్వు తెంపినప్పటి వాసన పిల్లల చేతులకు అంటాలి. సాయంత్రం పెద్దచెరువు దగ్గర ఆడి, సత్తుపిండి, పెరుగు సద్ది పంచుకొని ఇల్లు చేరతాం. బయటి ఊరి నుంచి వచ్చినవాళ్లు వలయంలో కలవడానికి మొహమాటపడొద్దు, చేయి పట్టి లాగేవాళ్లే ఎక్కువ.

దసరాకు వీలుకానివాళ్లకు కార్తీకం ఉంది. దీపావళి దాటాక చిన్నచింతకుంట దగ్గర కురుమూర్తి జాతర మొదలవుతుంది. వడ్డెమాన్ నుంచి స్వామివారి పాదుకలను ఊరేగింపుగా తెచ్చే ఉద్దాల ఉత్సవం నాడు గుట్ట కింద ఇసక వేస్తే రాలదు. ఆ రోజు కారు తీసుకుపోతే ఊరి బయటే ఆపి చాలా దూరం నడవాలి, కాబట్టి ఆర్టీసీ ప్రత్యేక బస్సులే మేలు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో తెలంగాణ ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు. జాతర ఆ ఒక్కరోజుతో అయిపోదు, చాలారోజులు దుకాణాలు ఉంటాయి. చిన్నపిల్లలతో పోయేవాళ్లు ఉద్దాల రోజు దాటిన వారంలో పొద్దున పూట పోతే దర్శనం సులువుగా అవుతుంది, గుట్ట మెట్ల మీద కూర్చోవడానికి చోటూ దొరుకుతుంది.