ఏసీ గ్యాస్ మెకానికే గాల్లోకి వదిలేసి, అయిపోయిందని బిల్లు వేశాడు: నెల్లూరు షాపుల వాళ్ళు జాగ్రత్త

డక్టబుల్ ఏసీలకి (సీలింగులో దాచిన గొట్టాల్లోంచి చల్లగాలి ఇచ్చేవి) ఏఎంసీ, అంటే ఏడాది సర్వీసు కాంట్రాక్టు, ఇచ్చుకున్న షాపుల వాళ్ళు, ల్యాబుల వాళ్ళు, ఫంక్షన్ హాళ్ళ వాళ్ళు ఇది పూర్తిగా చదవండి. కోపంలోనే రాస్తున్నాను. కానీ రాసిన ప్రతి మాటకీ నా దగ్గర వీడియో ఉంది, బిల్లు ఉంది. కాంట్రాక్టరు పేరు ఇక్కడ పెట్టడం లేదు. ఏసీ సర్వీసు చేయించుకునే వాళ్ళకి చదవగానే తెలిసిపోతుంది.

మాది చీరల షాపు. 8.5 టన్నుల డక్టబుల్, ఆర్-410ఏ గ్యాస్, ఔట్‌డోర్ యూనిట్ డాబా మీద. ఏడాదికి నాలుగు సర్వీసులని ఏఎంసీ. మే నెల, పెళ్ళిళ్ల సీజన్. బుచ్చి నుంచి, ఆత్మకూరు నుంచి ఇంటిల్లిపాదీ వచ్చి పట్టుచీరలు చూసుకునే రోజులు. అప్పుడే కూలింగ్ తగ్గింది. ఫోన్ చేస్తే ఒక కుర్రాడొచ్చాడు. డాబా మీదికి వెళ్ళాడు, కాసేపటికి కిందికొచ్చాడు.

"సార్, గ్యాస్ మొత్తం అయిపోయింది. ఏసీలంతే సార్, రెండేళ్ళకోసారి అయిపోద్ది. పద్దెనిమిది వేలవుద్ది, ఏఎంసీలో గ్యాస్ రాదు."

షాపు నిండా జనం. చెమటలు కారుతున్నాయి. సరే ఎక్కించమన్నాను, డబ్బు కట్టాను. సిలిండరు తెచ్చాడు, ఎక్కించాడు, వెళ్ళిపోయాడు.

మా డాబా మీద రేకుల గదిలో ఫాల్, పికో కుట్టే అక్క ఉంటుంది. సాయంత్రం కిందికొచ్చి అడిగింది: "అన్నా, ఆ ఏసీ అబ్బాయి ఏందో పైపు తగిలించి చాలాసేపు బుస్సుమని వదిలేశాడు, పొగలాగా వచ్చింది. ఏందబ్బాయ్ అదంటే గాలి తీస్తన్నానక్కా అన్నాడు. అదేమన్నా రిపేరా?"

నీళ్ళ మోటారు కోసం పెట్టిన కెమెరా ఆ మూలనే ఉంది. వెనక్కి తిప్పి చూశాం. పైకెళ్ళిన వాడు ప్రెషర్ చూసే గేజ్ పెట్టలేదు, క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూడలేదు. నేరుగా గ్యాస్ ఎక్కించే సర్వీస్ వాల్వు మూత విప్పాడు. పైపు ఒక కొస దానికి తగిలించాడు, రెండో కొస గాల్లోకి వదిలాడు. గ్యాస్ పోతూ ఉంటే జేబులోంచి ఫోన్ తీసి చూసుకుంటూ నిలబడ్డాడు. మధ్యలో ఒకసారి వంగి పైపు సరిచేశాడు, మళ్ళీ ఫోన్. అంతా పోయాక మూత బిగించి కిందికొచ్చి నాతో "అయిపోయింది సార్" అన్నాడు. నా గ్యాస్ నా డాబా మీదే వదిలేసి, నాకే మళ్ళీ అమ్మాడు!

ఆ వీడియో పట్టుకుని వాళ్ళ ఓనరు దగ్గరికి వెళ్ళాను. కుర్రాడి తప్పు, ఆయనకి తెలిసుండదు, చూస్తే తలదించుకుంటాడు అనే నమ్మకంతోనే వెళ్ళాను. ఆయన వీడియో చివరిదాకా చూశాడు. ఫోన్ టేబుల్ మీద నా వైపు నెట్టాడు. "అది ఎయిర్ పర్జింగ్ అంటారు. మీకు చీరల సంగతి తెలుసు, ఏసీల సంగతి మాకు తెలుసు. ఎవరికి చూపించుకుంటారో చూపించుకోండి" అన్నాడు. పక్కన ఇంకో ఇద్దరు కస్టమర్లు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే అన్నాడు. ఇన్నేళ్ళుగా టైముకి చెక్కు ఇచ్చిన మనిషితో మాట్లాడే పద్ధతి అదా? డబ్బు పోయిన బాధ కన్నా ఆ మాట ఎక్కువ మండుతోంది.

ఇప్పుడు ఏసీల సంగతి నాకూ తెలిసింది, రాస్తాను వినండి. పర్జింగ్ అంటే గేజ్ పైపుల్లో ఇరుక్కున్న గాలి పోవడానికి ఒక్క క్షణం వాల్వు తెరిచి మూసేయడం. మిషన్‌లో గ్యాస్ అంతా ఖాళీ చేయడం కాదు. గ్యాస్ బండిలో పెట్రోల్‌లాగా ఖర్చయ్యేది కాదు. సీల్ చేసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు ఉంటే నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నీళ్ళతో వెతికి, ఆ చోట బ్రేజింగ్‌తో అతికి, వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలి, తేమ లాగేసి, ఆ తర్వాతే గ్యాస్. వీడు లీకు మాటే ఎత్తలేదు, వాక్యూమ్ పంపు డాబా ఎక్కనే లేదు.

అసలు జబ్బు వేరే ఉంది. గ్యాస్ ఎక్కించాక మిషన్ ప్రెషర్ ఎక్కువై దానంతటదే ఆగిపోవడం (ట్రిప్) మొదలైతే కావలి నుంచి వేరే మెకానిక్‌ని పిలిపించాను. ఆయన సీలింగు తలుపు తీసి ముందు ఫిల్టర్లు చూపించాడు. చీరల నూగు దుప్పటిలాగా పట్టేసింది. వెనక కూలింగ్ కాయిల్ కూడా అంతే. గాలి ఆడకపోతే కాయిల్ మీద ఐస్ కడుతుందట, సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వెళ్ళే వైపు ప్రెషర్) పడిపోతుందట, చూసేవాళ్ళకి గ్యాస్ తక్కువైనట్టే కనిపిస్తుందట. బట్టల షాపుల్లో ఇది మామూలేనని చెప్పాడు. డాబా మీద ఔట్‌డోర్ యూనిట్ కాయిల్ (కండెన్సర్) రెక్కల్లో దుమ్ము గట్టిపడి ఉంది. వాళ్ళ సర్వీసు కార్డులో మాత్రం ప్రతిసారీ "కాయిల్ వాష్" దగ్గర టిక్కు ఉంది, సంతకం ఉంది. ఒక్కసారి కూడా నీళ్ళు తగల్లేదు ఆ కాయిల్‌కి.

పైగా తూకం లేకుండా ఎక్కించిన గ్యాస్ నేమ్ ప్లేట్ మీద రాసిన దానికన్నా ఎక్కువైంది. కంప్రెసర్ లాగాల్సిన దానికన్నా ఎక్కువ ఆంపియర్లు లాగుతోంది. ఇంకొన్నాళ్ళు అలాగే నడిపితే దాని మోటారు వైండింగ్ కాలిపోయేదన్నాడు. అప్పుడు కంప్రెసర్ పోయిందని ఎవరొచ్చి బిల్లు వేసేవాళ్ళో వేరే చెప్పాలా? ఆయన ఆ గ్యాస్ వేరే సిలిండరులోకి తీసి, కాయిల్స్ రెండూ కడిగి, వాక్యూమ్ చేసి, కాటా పెట్టి నేమ్ ప్లేట్ ప్రకారం ఎక్కించాడు. ఎక్కడా లీకు లేదు. షాపు చల్లబడింది.

మీరు చేయాల్సింది కొంచెమే. మెకానిక్ డాబా ఎక్కితే మీ మనిషి కూడా ఎక్కాలి. మూత విప్పే ముందు ఆంపియర్లు, గేజ్ పెట్టాక ప్రెషరు ఫోటో తీయించుకోండి. నడుస్తున్నప్పుడు ఆర్-410ఏకి సక్షన్ ప్రెషర్ సుమారు 110 నుంచి 130 పీఎస్‌ఐ, పాత ఆర్-22కి 60 నుంచి 70 మధ్య ఉంటుంది. అయితే ఫిల్టర్లు కడిగాక చూస్తేనే ఆ లెక్క. కాటా లేకుండా గ్యాస్ ఎక్కించనివ్వకండి. ఎన్ని కిలోలో బిల్లులో రాయించండి.

షాపు వాళ్ళకి కన్స్యూమర్ కోర్టు వర్తించదని ఆ ఓనరు ఇంకెవరితోనో అన్నాడట. సొంత కష్టంతో బతుకుదెరువు కోసం షాపు నడుపుకునే వాళ్ళకి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది. అవతలి వాళ్ళకి కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు కూడా లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కాగితాలు సిద్ధం చేస్తున్నాను. మీ డాబా మీద కూడా ఇలాగే "గ్యాస్ అయిపోయి" ఉంటే, తేదీ ఉన్న బిల్లు, సర్వీసు కార్డు ఫోటో తీసి నాకు మెసేజ్ పెట్టండి. అన్నీ కలిపి కేసు వేద్దాం.