చలికాలంలో బుడాపెస్ట్: ఎక్కడ ఉండాలి, దేనికి డబ్బు పెట్టొచ్చు

జర్మనీలో ఉండే మనవాళ్ళని డిసెంబర్‌లో లాంగ్ వీకెండ్‌కి ఎక్కడికెళ్ళొచ్చు అని అడిగితే చాలామంది ప్రాగ్ అనో వియన్నా అనో అంటారు. రెండూ మంచివే, కాదనను. కానీ చలికాలంలో నా ఓటు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌కే. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగయ్యేసరికి పొద్దుగూకిపోతుంది, వేరే ఊళ్ళలో అయితే ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక రూమ్‌లో కూర్చుంటాం, ఇక్కడ అసలు సంగతి అప్పుడే మొదలవుతుంది, వేడినీళ్ళ స్నానాలూ నది ఒడ్డున లైట్లూ రెండూ చీకట్లోనే బాగుంటాయి.

ఈసారి ఇండియా నుంచి అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చారు కాబట్టి ప్లానింగ్ అంతా వాళ్ళ మోకాళ్ళని బట్టే చేశాం. మ్యూనిక్ నుంచి రైల్‌జెట్ అనే ఫాస్ట్ ట్రైన్ డైరెక్ట్‌గా ఉంది, ఏడు గంటల లోపే కెలెటీ స్టేషన్లో దింపేస్తుంది. ఫ్లైట్లో వచ్చేవాళ్ళకి ఎయిర్‌పోర్ట్ దాకా మెట్రో లేదు, 100ఈ బస్సెక్కితే సరాసరి ఊరి మధ్యలో దిగొచ్చు, దానికి మామూలు టికెట్ పనికిరాదు, వేరే కొనాలి.

ఉండటం సంగతి. డాన్యూబ్ నదికి ఒక పక్క బుడా, కొండా కోటా. ఇంకో పక్క పెస్ట్, అంతా చదును. ఫోటోలు చూసి చాలామంది బుడా కోట దగ్గర బుక్ చేస్తారు, అక్కడ రాత్రి ఎనిమిది దాటితే మనిషి కనపడడు, చలిలో ఎక్కడం దిగడం వేరే. పెస్ట్‌లో 7వ డిస్ట్రిక్ట్ చవగ్గా దొరుకుతుంది కానీ పాడుబడ్డ ఇళ్ళలో పెట్టిన రూయిన్ బార్లన్నీ అక్కడే, కజింట్సి వీధి పక్కన రూమ్ తీసుకుంటే తెల్లవారుజాము దాకా పాటలే, కుర్రాళ్ళకి ఓకే, పెద్దవాళ్ళతో వద్దు. 6వ డిస్ట్రిక్ట్‌లో అపార్ట్‌మెంట్లు వెతికేవాళ్ళకి ఒక మాట, అక్కడి జనం 2024లో ఓటింగ్ పెట్టి 2026 జనవరి నుంచి టూరిస్టులకి రోజువారీ అద్దెకివ్వడం ఆపేశారు, కాబట్టి అడ్రస్ చూసి మరీ బుక్ చేయండి. మేం ఒపేరా దగ్గర ఒక హోటల్ తీసుకున్నాం, రూమ్ చిన్నదే, హీటర్ బాగా పనిచేసింది, లిఫ్ట్ ఉంది, అంతకన్నా ఏం కావాలి. ఈ ఊళ్ళో పాత బిల్డింగులు చాలావాటిలో లిఫ్ట్ ఉండదు, ముందే అడగండి.

ఒపేరా దగ్గరే ఎందుకంటే కింద ఎం1 మెట్రో. 1896లో మొదలైంది, యూరప్ ఖండంలో అదే మొదటి అండర్‌గ్రౌండ్ లైను, రోడ్డు మీంచి కాసిని మెట్లు దిగితే చాలు ప్లాట్‌ఫామ్, చిన్న చిన్న పసుపు పెట్టెలు. మామయ్యగారికి ఊరంతటిలో ఇదే నచ్చింది. పేపర్ టికెట్ అయితే ఎక్కేముందు మెషీన్లో గుద్దాలి, లేకపోతే చెకింగ్ వాళ్ళు ఫైన్ వేస్తారు, ఆ గొడవంతా ఎందుకు, 72 గంటల పాస్ తీసుకోండి.

అదే లైన్లో సేచెని బాత్, వేడినీళ్ళ స్నానాల చోటు. 1913లో కట్టిన పసుపురంగు ప్యాలెస్‌లా ఉంటుంది, బయట పూల్ నీళ్ళు 38 డిగ్రీలు. టికెట్ తక్కువేం కాదు, అయినా ఈ ట్రిప్ మొత్తంలో డబ్బులు పెట్టాల్సింది దీనికే. లాకర్ కంటే కేబిన్ తీసుకోండి, చలికోట్లూ బూట్లూ పెట్టుకోడానికి చోటు కావాలి. చేతికి వాచీలాంటి బ్యాండ్ ఇస్తారు, అదే తాళం. టవలూ చెప్పులూ ఇంటినుంచే తెచ్చుకోండి. తలుపు తీసుకుని బయటికొచ్చాక పూల్ దాకా ఓ పాతిక అడుగులుంటుందేమో, అరికాళ్ళు రాయి మీద అతుక్కుపోతాయేమో అనిపిస్తుంది, ఇక మెడదాకా మునిగాక తల మీద మంచు చుక్కలూ ఒంటికి వేడీ, ఆవిరికి పక్కన ఎవరున్నారో కూడా కనపడదు, ఆ పొగలోనే నీళ్ళలో నిలబడి ముసలాళ్ళు చెస్ ఆడుతుంటారు. అత్తయ్యగారు ముందు ససేమిరా అన్నారు, ఫుల్ హ్యాండ్స్ స్విమ్ సూట్ కొనిపెడితే దిగారు, తర్వాత బయటికి రప్పించడానికి బతిమాలాల్సొచ్చింది. 14 ఏళ్ళలోపు పిల్లల్ని రానివ్వరు, చిన్నపిల్లలున్నవాళ్ళు పక్కనే పార్కులో ఐస్ స్కేటింగ్‌కి తీసుకెళ్ళండి, చాలా పెద్ద రింక్, వెనకాల కోట.

గెల్లెర్ట్ బాత్ 2025 అక్టోబర్ నుంచి రిపేర్లకి మూసేశారు, పాత వీడియోలు చూసి వెళ్ళకండి. రుడాస్ అనే ఇంకో బాత్ తురుష్కుల కాలంనాటిది, గుమ్మటం కింద ఎనిమిది పలకల కొలను, కొన్ని రోజులు మగవాళ్ళకీ కొన్ని రోజులు ఆడవాళ్ళకీ వేరువేరుగా ఉంటుంది, ఫ్యామిలీతో అయితే రోజు చూసుకుని వెళ్ళాలి.

పార్లమెంట్ లోపలికి టూర్ ఆన్‌లైన్లో ముందే తీసుకోవాలి, ఈయూ పౌరులకి తక్కువ రేటు, మనం జర్మనీలో ఎన్నేళ్ళున్నా ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే ఫుల్ టికెట్టే. లోపల రాజకిరీటం బాగుంది, కానీ టైమ్ లేకపోతే వదిలెయ్యొచ్చు. చీకటిపడ్డాక 2వ నెంబర్ ట్రామ్ ఎక్కి నదివైపు కూర్చుంటే అవతలి ఒడ్డున కోటా, చెయిన్ బ్రిడ్జీ అన్నీ పాస్ ఖర్చులోనే చూసేయొచ్చు, బోట్ క్రూజ్‌కి డబ్బు పెట్టడం నాకైతే దండగనిపించింది.

తిండి దగ్గర శాకాహారులకి కొంచెం కష్టమే, ఇక్కడి పేరున్న పులుసు గులాష్‌లో మామూలుగా బీఫే ఉంటుంది, అడిగి తినండి. లాంగోష్ మాత్రం తప్పకుండా తినాలి, పెద్ద పూరీలాగా నూనెలో వేయించి పైన వెల్లుల్లి, పుల్లటి క్రీమ్, చీజ్ వేసిస్తారు, వేడిమీదే తినాలి, చల్లారితే సాగుతుంది. క్రిస్మస్ మార్కెట్లో అదే లాంగోష్ రేటు చూస్తే గుండె ఆగుతుంది, మామూలు సందుల్లో తినండి. రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ ఛార్జ్ కలిపేసి ఉంటుంది చాలాచోట్ల, చూడకుండా మళ్ళీ టిప్ ఇవ్వకండి. కార్డ్ మెషీన్ యూరోనా, ఇక్కడి కరెన్సీ ఫోరింటా అని అడిగితే ఎప్పుడూ ఫోరింటే నొక్కండి.

డిసెంబర్ 24న మధ్యాహ్నం దాటాక ట్రామ్‌లూ మెట్రో ఆగిపోతాయి, నైట్ బస్సులే తిరుగుతాయి, షాపులూ మూసేస్తారు, ఆ తేదీల్లో వెళ్తే ముందురోజే పాలూ పెరుగూ బ్రెడ్డూ కొనిపెట్టుకోండి. మార్కెట్ల మీద అంత మోజు లేకపోతే జనవరి మధ్యలో వెళ్ళడం మేలు, అప్పటికి క్రిస్మస్ రద్దీ పోతుంది, చలి మాత్రం అంతే ఉంటుంది, బాత్‌లో నిలబడడానికి కాస్త చోటైనా దొరుకుతుంది.