ఫోన్ చేస్తే వచ్చి బోరు నీరు, పొలం మట్టి పట్టుకెళ్లే ల్యాబ్ సేవ: డెల్టాలో ఎంతవరకు నమ్మొచ్చు?

భీమవరం, రాజోలు, అమలాపురం వైపు ఫోన్ చేస్తే మనిషిని పంపి శాంపిల్స్ తీసుకెళ్లే ప్రైవేటు ల్యాబ్ సేవ ఇది. పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో నడిచేవి ఇంకా ఉన్నాయి, ఎవరిని పిలిచినా చూసుకోవాల్సినవి ఇవే. ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (పరీక్షా ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉంది, యంత్రాలకు వంక పెట్టడానికి లేదు. చిక్కంతా బోరు దగ్గర మొదలై ల్యాబ్ గుమ్మం దాకానే. అన్నట్టు, ఆ గుర్తింపు ఏయే పరీక్షలకో స్కోపు కాగితంలో ఉంటుంది. శాంపిల్ తీయడం కూడా అందులో ఉందేమో అడగండి.

బోరులో నిలవున్న నీటిని ముందు తోడి పారబోయాలి. 4 అంగుళాల పైపులో మీటరుకు సుమారు 8 లీటర్లు పడుతుంది. 10 మీటర్ల నీరుంటే 80, దానికి మూడు రెట్లు, అంటే 240 లీటర్లు తోడాలి. వచ్చిన కుర్రాడు ఈ లెక్క వేయకుండా ఐదు నిమిషాలు మోటారు వేసి సీసా పట్టేశాడు. పీహెచ్ తేడా 0.1 లోపు, ఈసీ (నీటిలో ఉప్పెంతుందో చెప్పే విద్యుత్ వాహకత) తేడా 3 శాతం లోపు వరసగా మూడుసార్లు నిలబడితేనే పట్టాలి. మన దగ్గర ఇంకో మెలిక ఉంది. తీపి నీటి పొర కింద ఉప్పునీరు ఉన్న చోట మోటారు గట్టిగా లాగితే ఆ ఉప్పునీరు పైకి ఎక్కుతుంది. ఈసీ నిలబడకుండా పెరుగుతూనే పోతుంటే ఇంకా తోడమని కాదు, వేగం తగ్గించమని అర్థం. ఏ వేగంతో ఎంతసేపు తోడారో ఫారంలో రాయించుకోండి. సముద్రం ఒడ్డున అంతర్వేది వైపు ఉప్పు బోర్లకైతే ఈసీ మీటరును 1413 మైక్రోసీమెన్స్ ప్రమాణ ద్రావణంతోనే సరిచూస్తే చాలదు, 12,880ది కూడా ఉండాలి. వీళ్ల పెట్టెలో మొదటిదే ఉంది.

అసలు దెబ్బ ఇనుము దగ్గర. ఫిల్టర్ పాయింట్ (తక్కువ లోతు బోరు) నీరు పట్టినప్పుడు తేటగానే ఉంటుంది, కాసేపటికి పసుపు తిరిగి అడుగున తుప్పురంగు మడ్డి దిగుతుంది. ఆ మడ్డికి ఆర్సెనిక్, ఫాస్ఫేట్ కూడా అంటుకుంటాయి. అందుకే కరిగిన లోహాల కోసం బోరు దగ్గరే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, నైట్రిక్ యాసిడ్‌తో పీహెచ్ 2 లోపుకు దించాలి. వీళ్లు రెండూ సాయంత్రం ల్యాబ్‌కు వెళ్లాక చేస్తారు. అప్పటికి మడ్డి ఫిల్టర్ మీదే ఆగిపోతుంది, రిపోర్టులో ఇనుము తక్కువొస్తుంది, మనం సంబరపడతాం.

సీసాలు కడగడంలోనూ పొరపాటు చూశాం. మామూలు సీసాను అదే నీటితో మూడుసార్లు తొలవాలి. ముందే యాసిడ్ వేసినదాన్నీ, బ్యాక్టీరియా పరీక్షకు థయోసల్ఫేట్ వేసిన స్టెరైల్ సీసానూ తొలవకూడదు, వేసిన మందు పోతుంది. లేబుళ్లు జెల్ పెన్నుతో రాశారు, ఐస్ పెట్టెలో తడిసి సగం అక్షరాలు కారిపోయాయి.

బ్లాంకు (సీసాలోంచో దారిలోనో కల్తీ చేరిందేమో చూడటానికి శుద్ధమైన నీరు పోసి పంపే సీసా) అడిగితే ఇంకో శాంపిల్ ఖరీదు వేస్తారు. ఇచ్చేయండి, కానీ ఏ నీళ్లు పోస్తున్నారో చూడండి. బ్యాటరీ షాపు డిస్టిల్డ్ వాటర్ బ్లాంకుకు పనికిరాదు. పది శాంపిల్స్‌కో ఇరవైకో ఒక డూప్లికేటు (అదే బోరు నీటి రెండో సీసా) కూడా పట్టించాలి. ఉదాహరణకు ఒకే బోరు నైట్రేటు ఒక సీసాలో 38, రెండోదాంట్లో 46 వచ్చిందనుకోండి. తేడా 19 శాతం, మామూలుగా పెట్టుకునే 20 శాతం హద్దులోనే. కానీ తాగునీటి పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఒక్క సీసానే పట్టి ఉంటే ఏది చేతికొచ్చిందో దాన్నిబట్టి నీరు మంచిదో చెడ్డదో తేలిపోయేది.

మట్టి విషయంలో వీళ్లు నయం. సార్వా కోత అయ్యాక, దాళ్వాకు ఎరువు వేయకముందే రమ్మన్నారు. గట్టు వారా, పెంటపోగు వేసిన చోటా వదిలేసి, 8–10 చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్లు తవ్వి, గుంట గోడ నుంచి పలచగా చెక్కారు. కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు తీసేస్తూ అరకిలో మిగిల్చారు. చక్కగా చేశారు. కలిపింది మాత్రం జీఐ (జింకు పూత ఇనుప) బకెట్టులో! జింకు లోపం చూడటానికి తీసిన మట్టిని జింకు పూత బకెట్టులో కలిపితే లోపం ఎక్కడ కనిపిస్తుంది? ప్లాస్టిక్ టబ్బు మీరే ఇవ్వండి. రిపోర్టులో ఈసీ 1:2.5 నీటి కలుపులోదో, సంతృప్త ముద్ద (నీటితో పూర్తిగా తడిపిన మట్టి) నుంచి తీసిందో రాయలేదు. చౌడుకు చెప్పే 4 (మీటరుకు డెసీసీమెన్స్) అనే హద్దు రెండోదానికే. మొదటి పద్ధతిలో అంకె బాగా తక్కువొస్తుంది కాబట్టి ఫోన్ చేసి అడగాల్సిందే.

మట్టికి, మామూలు ఉప్పు లెక్కకు పిలవచ్చు. ఇనుము, ఆర్సెనిక్ కావాలంటే బోరు దగ్గరే వడకడతామని ఒప్పుకుంటేనే పిలవండి. శనివారం మాత్రం వద్దు. నైట్రేటుకు ఐస్‌లో 48 గంటలే గడువు, ఆదివారం వాళ్లకు సెలవు.