తాత్కాలిక మెషీన్లను తనే తుడిచిపెట్టే బ్యాకప్ సాఫ్ట్‌వేర్: కొన్నేళ్లు వాడాక

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లు రికవరీ ఎంత త్వరగా అవుతుందని అడుగుతారు. రికవరీ పూర్తయ్యాక మిగిలిపోయిన వాటిని ఎవరు తీసేస్తారని అడిగేవాళ్లు తక్కువ. కొన్నేళ్లుగా మా సర్వర్లకు వాడుతున్న సాఫ్ట్‌వేర్ మీద నాకు అభిమానం కలిగింది ఈ రెండో ప్రశ్న దగ్గరే. తర్వాత కోపం వచ్చిందీ అక్కడే.

వర్చువల్ మెషీన్‌ను (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్‌ను) బ్యాకప్ ఫైలు నుంచే నేరుగా, తాత్కాలిక నకలుగా నడిపించడం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. పాత డేటాబేస్‌లోంచి ఒక టేబుల్ తెచ్చుకోవడానికో, ఒక అప్‌డేట్ వేసి చూడడానికో నేను దాన్ని తరచూ వాడతాను. పని కాగానే ఆ సెషన్‌ను ముగించే బటన్ నొక్కితే చాలు. మెషీన్ ఆగుతుంది, దాన్ని నడిపించిన సర్వర్ (హోస్ట్) జాబితాలోంచి పేరు పోతుంది, దాని కోసం నెట్‌వర్క్ మీదుగా తగిలించిన నిల్వ (ఎన్‌ఎఫ్‌ఎస్ డేటాస్టోర్) ఊడిపోతుంది. ఆ కాస్తసేపట్లో డిస్కు మీద జరిగిన మార్పులన్నీ పక్కనున్న వేరే ఫైలులో పడతాయి కాబట్టి, అవి చెరిగిపోయినా అసలు బ్యాకప్ చెక్కుచెదరదు. ఒకప్పుడు ఇవన్నీ చేత్తో చేసినవాణ్ని. ఆ ఒక్క బటన్ విలువ నాకు బాగా తెలుసు.

తాత్కాలిక మెషీన్ నడుస్తుండగా ఒకసారి హార్డ్‌వేర్ లోపంతో బ్యాకప్ సర్వర్ ఆగి మళ్లీ లేచింది. లేచాక దాని లెక్కలో ఆ సెషన్ విఫలమైంది, అంతటితో కథ ముగిసింది. ముగించే బటన్ నొక్కడానికి వీల్లేకుండా వెలిసిపోయి కనిపించింది. హోస్ట్ వైపు చూస్తే మెషీన్ పేరు అలాగే ఉంది, పక్కన ‘అందుబాటులో లేదు’ అని. డేటాస్టోర్ నిష్క్రియంగా ఉంది. డిస్కుతో సహా తొలగించబోతే కుదరలేదు, ఆ డిస్కు హోస్ట్‌కు కనిపిస్తేగా! డేటాస్టోర్‌ను ఊడదీయబోతే వాడుకలో ఉందని మొరాయించింది. చివరికి మెషీన్‌ను జాబితా నుంచి మాత్రమే తీసేసి, ఆ తర్వాత హోస్ట్ కమాండ్ లైన్ నుంచి డేటాస్టోర్‌ను, ఆఖరున మార్పుల ఫైలును తొలగించాల్సి వచ్చింది. ఈ వరుస తప్పితే ఏదీ కదలదు.

అసలు నొప్పి తర్వాత తెలిసింది. ఆ మెషీన్‌ను లేపిన రికవరీ పాయింట్ (ఒకనాటి బ్యాకప్ ప్రతి) ఇంకా వాడుకలోనే ఉందని సాఫ్ట్‌వేర్ దానికి వేసిన తాళం తీయలేదు. గడువు ప్రకారం పోవాల్సిన పాత పాయింట్లు పోలేదు, బ్యాకప్ నిల్వ చడీచప్పుడు లేకుండా నిండుతూ వచ్చింది. దీనికి ఒక్క హెచ్చరికైనా రాలేదు. సర్వీసును పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాకే తాళం వీడింది. తన సెషన్ పట్టికకూ హోస్ట్ మీద నిజంగా ఉన్నదానికీ పొంతన ఉందో లేదో సాఫ్ట్‌వేర్ లేవగానే ఒకసారి చూసుకుంటే ఈ తిప్పలేవీ ఉండేవి కావు. అలా చూసుకోదనే నా కోపమంతా.

ఆ గందరగోళంలో ఆదుకున్నది మాత్రం ఒకటుంది. ఏ పాయింట్ నుంచి, ఎప్పుడు, ఎవరి ఖాతాతో లేపారో మెషీన్ నోట్స్‌లో సాఫ్ట్‌వేర్ తనే రాసి పెడుతుంది. అది చూశాకే ఇది నకలేనని ధైర్యంగా చెయ్యి వేయగలిగాను.

ఆ బటన్ తుడిచేది తాను సృష్టించిన వాటినే. నకలుకు అసలు నెట్‌వర్క్ తగిలితే డీఎన్‌ఎస్ (పేర్లకు చిరునామాలు చెప్పే వ్యవస్థ) నమోదు, డీహెచ్‌సీపీ లీజు (దానికి కేటాయించిన నెట్‌వర్క్ చిరునామా), పర్యవేక్షణ పట్టికలో పేరు మనమే వెతికి తీయాలి. సంస్థ కంప్యూటర్లన్నీ ఒకే ఖాతాల వ్యవస్థలో చేరే విండోస్ డొమైన్‌లో ఇంకో చిక్కుంది: కంప్యూటర్ ఖాతా పాస్‌వర్డ్ డిఫాల్టుగా 30 రోజులకోసారి మారుతుంది. నకలు ఆ ఖాతాలను చూసే సర్వర్‌ను (డొమైన్ కంట్రోలర్‌ను) అందుకుని ఆ పాస్‌వర్డ్ మార్చిందంటే, నకలును ఎంత శుభ్రంగా తుడిచినా అసలు మెషీన్‌కు డొమైన్‌తో నమ్మకం తెగిపోతుంది. అందుకే నకళ్లను విడి నెట్‌వర్క్‌లోనే లేపుతాను. నకలునే శాశ్వతంగా ఉంచుకుని అసలు స్టోరేజీకి తరలిస్తే, పేరు చివరి తాత్కాలిక గుర్తు ఆ రోజే తీసేస్తాను. ఎవరైనా పేరు చూసి తుడిచేస్తే పోయేది నకలు కాదు, అప్పటికి అదే అసలు మెషీన్.

మాది ఒకే క్లస్టర్ (కలిసి పనిచేసే హోస్ట్‌ల గుంపు), ఒకసారికి ఒకటో రెండో నకళ్లు. ఈ మేరకు నేను దీన్నే కొనసాగిస్తాను. రాత్రంతా డజన్లకొద్దీ బ్యాకప్‌లను లేపి పరీక్షించే చోట మాత్రం ఈ బటన్ ఒక్కదాన్నే నమ్ముకోమని చెప్పలేను. హోస్ట్ జాబితానూ సెషన్ల జాబితానూ రోజూ సరిచూసే చిన్న స్క్రిప్టు పక్కన ఉండాలి. అది రాయగలవాళ్లు మీ బృందంలో ఉన్నారో లేదో చూసుకుని తీసుకోండి.