ఆ అన్న గ్రూపులో ఉన్నవాళ్లు ఇంకో షేరు కొనే ముందు ఇది చదవండి

టెలిగ్రామ్‌లో ఆ ఐటీ షేరు గురించి రోజూ కొట్టుకునే గ్రూపు ఏదో, అడ్మిన్ అన్న ఎవరో ఆ షేరు పట్టుకున్నవాళ్లందరికీ తెలుసు. పేర్లు రాయను. పొద్దున్నుంచి చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే క్షమించండి.

62 దగ్గర 2,000 షేర్లు కొన్నాను. చీటీ ఎత్తిన డబ్బు అది, పాప ఇంటర్ ఫీజుకని దాచింది. 45కి పడ్డాక గ్రూపులో సగం మంది అమ్మేయమన్నారు. ప్రమోటర్లు, అంటే కంపెనీ పెట్టి నడిపేవాళ్లు, తమ వాటా తాకట్టు పెట్టారు, పెద్ద క్లయింటు పోయాడు అని చెప్తూనే ఉన్నారు. అన్న దగ్గర అందరికీ ఒకటే జవాబు. "సత్యం గుర్తుందా? 2009 జనవరి 7న ఒక్కరోజులో 179 నుంచి 40కి వచ్చింది. అప్పుడు ధైర్యం చేసినవాళ్లే బాగుపడ్డారు."

మా నాన్న ఆ సత్యం కంప్యూటర్స్ షేర్లలో పోగొట్టుకున్న మనిషి. ఆయన కొడుకునై ఉండి ఈ మాట ఎలా నమ్మాను? సత్యం నిలబడిన కథే వేరు. లెక్కలు దొంగవని ఒప్పుకుంటూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు గారు రాసిన ఉత్తరం బయటికొచ్చిన కొద్ది రోజులకే కేంద్రం పాత బోర్డును తీసేసి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్ లాంటివాళ్లను కూర్చోబెట్టింది. లెక్కలు దొంగవి గానీ పనిచేసే ఇంజినీర్లు, పనిచ్చే క్లయింట్లు నిజం. అందుకే ఆ ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకి 58 చొప్పున పెట్టి వాటా కొంది. పాత షేర్లు పట్టుకుని కూర్చున్న నాన్నలాంటివాళ్లకి 2013లో విలీనం అయ్యాక 17 షేర్లకి 2 టెక్ మహీంద్రా షేర్లు చేతికొచ్చాయి. మరి ఈ కంపెనీని ఆదుకోవడానికి ఎవరొస్తారు? ఆ ప్రశ్న నేను ఒక్కసారీ అడగలేదు.

రిజల్ట్స్ రావాల్సిన రోజు పొద్దున టెన్షన్ తట్టుకోలేక అడిగాను, "అన్నా, అమ్మేయనా?" అని. 11:40కి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "తమ్ముడూ, భయపడితే ఇక్కడ డబ్బు రాదు. ఇంకో మూడు వేలు యాడ్ చెయ్. నేను కూడా పట్టుకునే ఉన్నా, అమ్మను." తమ్ముడూ అన్నాడు కదా అని 45 దగ్గర 3,000 కొన్నాను.

సాయంత్రం రిజల్ట్స్ వచ్చాయి, నష్టం. మర్నాటి నుంచి వరసగా ఐదు రోజులు లోయర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకి ధర పడగలిగే చివరి హద్దు. రోజూ 9 గంటలకే ఆర్డర్ పెట్టి కూర్చుంటున్నాను. అమ్మేవాళ్ల వైపు లక్షల షేర్లు, కొనేవాళ్ల వైపు సున్నా. మూడున్నర వరకు "పెండింగ్" అనే కనిపిస్తుంది, తర్వాత ఆర్డర్ దానంతటదే పోతుంది. 85 వేలు తగ్గాయి. మిగిలింది తీసుకుందామన్నా కొనే దిక్కు లేదు.

నిన్న రాత్రి ఇంకో సభ్యుడు ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. నెలకి డబ్బు కట్టేవాళ్లకి ఇదే అన్న నడిపే ఇంకో గ్రూపు ఉందట. అందులో అదే రోజు 11:20కి మెసేజ్: "మనం మొత్తం ఎగ్జిట్." ఇరవై నిమిషాలు. వాళ్లు అమ్ముతుంటే కొనడానికి మమ్మల్ని తోశాడు. నా 3,000 ఎవరి చేతిలోంచి వచ్చాయో ఇప్పుడు అర్థమవుతోంది.

ఫోన్ చేసి అడిగాను. "నేను అడ్వైజర్‌ని అని ఎప్పుడైనా చెప్పానా? నీ డబ్బు, నీ ఇష్టం. అంత కావాలంటే పెయిడ్‌లో చేరాల్సింది" అని పెట్టేశాడు. రెండు నిమిషాల్లో గ్రూపులోంచి తీసేశాడు. తమ్ముడూ అని పిలిచిన నోటితోనే.

సలహా ఇచ్చేవాడికి షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో అడగండి. అడ్వైజర్‌కి ఐఎన్ఏతో, రీసెర్చ్ అనలిస్ట్‌కి ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. సెబీ సైట్‌లో వెతికి చూసుకోండి. ప్రమోటర్ల తాకట్టు ఎంతో ఎక్స్ఛేంజ్ సైట్‌లో షేర్‌హోల్డింగ్ వివరాల్లో ఉంటుంది. నేను చూడలేదు, మీరు చూడండి.

సెబీకి ఫిర్యాదు రాస్తున్నాను. పాత వాయిస్ మెసేజ్‌లు అన్న ఒక్కొక్కటే డిలీట్ చేస్తున్నాడని ఇప్పుడే తెలిసింది. ఇంకా గ్రూపులో ఉన్నవాళ్లు ఆ 11:40 మెసేజ్ ఈ రాత్రికే సేవ్ చేసి నాకు పంపండి.