నేను చెప్పకుండానే నా దారి చెప్పిన ఫోన్: పర్లాకిమిడి లైన్‌లో ఆరేళ్ళు

మొన్నమొన్నటిదాకా ప్రతి మంగళవారం పొద్దున్న ఆరున్నరకి వ్యాన్ తాళం చేతిలోకి తీసుకునేసరికి ఫోన్ తెర మీద ఒక చిన్న చీటీ కనిపించేది. గుమ్మ అనే ఊరికి ఎంతసేపు పడుతుందో, దారిలో ట్రాఫిక్ ఎలా ఉందో అందులో ఉండేది. ఆ కొండదారిలో ట్రాఫిక్ ఎప్పుడుంది గనక, అడ్డొచ్చే మేకలు తప్ప! అయినా నేను అడగందే, ఎక్కడికి బయల్దేరానో దానికి ముందే తెలిసిపోయేది. మొదట్లో గొప్పగా అనిపించింది, తర్వాత కాస్త భయం వేసింది, ఆ తర్వాత అలవాటైపోయింది. ఈ నెల్లో ఫోన్ మార్చాను. బ్యాకప్ తీసుకోవడం మర్చిపోవడం నా తప్పే. ఫోన్ దాచుకున్న నా ఆరేళ్ళ తిరుగుడు లెక్కంతా పోయింది. పోయాక గానీ దాని గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించలేదు.

నేను ఒడిశాలో, ఆంధ్రా బోర్డర్ పక్కనున్న పర్లాకిమిడిలో ఉంటాను. బిస్కెట్లు, సబ్బులు, షాంపూ ప్యాకెట్లు కిరాణా కొట్లకి వేసే డిస్ట్రిబ్యూటర్ దగ్గర లైన్ సేల్స్‌మన్‌ని. సోమవారం టౌన్, మంగళవారం గుమ్మ, సెరంగో వైపు, బుధవారం కాశీనగర్, శుక్రవారం ఆర్. ఉదయగిరి వైపు. మిగతా రోజులు బాకీల వసూళ్ళు, స్టాక్ లెక్కలు. 2019 చివర్లో కొన్న ఫోన్‌లో ‘మీరు తిరిగిన చోట్లు దాచుకోమంటారా’ అని మ్యాప్ యాప్ అడిగితే సరే అని నొక్కేశాను. అక్కడ మొదలైంది. యాప్ పేరు చెప్పను, ఇలాంటిది దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ఏదో ఒకటి ఉంటుంది.

ఇది ఎలా పనిచేస్తుందో నాకు అర్థమైనంతలో చెప్తాను. జీపీఎస్, చుట్టుపక్కల వైఫైలు, సెల్ టవర్లు కలిపి మనం ఎక్కడున్నామో నిమిషనిమిషానికీ చుక్కలు పెట్టుకుంటూ పోతుంది. ఒకే చోట చాలాసేపు చుక్కలు పోగుపడితే అది మనం ‘ఆగిన చోటు’. రాత్రిళ్ళు ఎక్కడ పోగుపడితే అది ఇల్లు, పగలు ఎక్కడ ఎక్కువ పోగుపడితే అది పని చోటు. నా విషయంలో పని చోటు డిస్ట్రిబ్యూటర్ గోడౌన్. ఆ తర్వాతది లెక్క: గోడౌన్ నుంచి మంగళవారం పొద్దున్న బయల్దేరిన మనిషి ఇదివరకు ఎన్నిసార్లు ఎటు వెళ్ళాడు? ఎక్కువసార్లు ఎటు వెళ్ళాడో అదే ఈసారికీ ఊహ. ఇప్పుడున్న చోటునిబట్టి తర్వాతి చోటుకి అవకాశం ఎంతో కట్టే ఈ పద్ధతిని మార్కోవ్ చైన్ అంటారు, ఒక రష్యన్ గణిత శాస్త్రవేత్త పేరు మీద. ఇప్పటి యాప్‌లలో ఇంతకంటే పెద్ద లెక్కలే ఉంటాయి గానీ, మూలం ఇదే.

కొత్త లైన్ ఏదైనా నా ఫోన్‌కి ఎక్కడానికి మూడు నాలుగు వారాలు పట్టేది. ఎక్కాక మంగళ, బుధ, శుక్రవారాల్లో తప్పు చెప్పిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నన్ను బాగా చదివేసిందే అనుకునేవాణ్ణి. తర్వాత తట్టింది, అది చదివింది నన్ను కాదు, మా కంపెనీ వేసిన బీట్ ప్లాన్‌ని, అంటే ఏ రోజు ఏ ఊరు అన్న పట్టికని. ఆ కాగితం గోడౌన్ గోడ మీద అంటించే ఉంటుంది. అది చూస్తే మా హమాలీ కూడా చెప్తాడు నేను రేపెక్కడుంటానో.

2010లో ‘సైన్స్’ అనే పత్రికలో వచ్చిన ఒక పరిశోధన గురించి చాలాచోట్ల రాస్తుంటారు. బరాబాసి అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 50,000 మంది ఫోన్ వాడకందారుల మూడు నెలల కదలికలు చూసి, మనిషి తిరుగుడులో 93 శాతం దాకా ముందే ఊహించవచ్చని తేల్చారు. వినగానే గుండె ఝల్లుమంటుంది. కానీ అది ఏ యాప్ అయినా చేరుకోగల పైహద్దు, అన్ని యాప్‌లూ అంత కచ్చితంగా చెప్పేస్తాయని కాదు. పైగా వాళ్ళు చూసింది ఏ గంటకి ఏ టవర్ కింద ఉన్నారన్నదే. రాత్రి రెండింటికి ఎక్కడుంటావంటే ఇంట్లోనే అని ఎవరైనా చెప్తారు కదా. ఆ గంటలన్నీ కూడా ఆ లెక్కలోవే.

టవర్ అనగానే మా ఊరి బాధ చెప్పాలి. ఇక్కడ ఫోన్‌కి రెండు రాష్ట్రాలు. మేడ మీదకెళ్తే ఆంధ్రాలోని పాతపట్నం వైపు టవర్, కిందికి దిగితే ఒడిశా టవర్. జీపీఎస్ సరిగ్గా అందని రోజున ఫోన్ నన్ను కూర్చున్నచోటు నుంచి కదలకుండానే బోర్డర్ దాటించేసేది. ఒకసారి ఒక్క రాత్రిలో ఏడుసార్లు శ్రీకాకుళం జిల్లాకి వెళ్ళొచ్చినట్టు చూపించింది. ఆ మర్నాటి నుంచి కొన్నాళ్ళు పొద్దున్నే పాతపట్నం దారి చూపించడం మొదలెట్టింది.

ఇంకో గొడవ. మా గోడౌన్ దగ్గర సందులో ఒక టైర్ల పంక్చర్ షాపు ఉంది. వ్యాన్ వెనక టైర్లు పాతవి కాబట్టి వారానికి ఒకసారైనా అక్కడ నలభై నిమిషాలు కూర్చోవాల్సిందే. దాన్ని ఆనుకుని ముందు వైపు ఒక బార్ ఉంది. పంక్చర్ షాపు మ్యాప్‌లో లేదు, బార్ ఉంది. జీపీఎస్ పది, ఇరవై మీటర్లు అటూ ఇటూ అవడం మామూలే. అలా పడిన చుక్కకి దగ్గర్లో పేరున్న చోటు ఏదో అదే నేను వెళ్ళిన చోటని రాసుకునేది. ఒక రోజు మా ఆవిడ ఏదో ఫొటో కోసం ఫోన్ తీసి ఇది చూసింది.

“మధ్యాహ్నం రెండింటికి బార్లో ఏటి చేశారు నలభై నిమిషాలు?”

“టైరు పంక్చర్ వేయించాను.”

“ప్రతి గురువారమూనా?”

ఆ ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబే ఉంది గానీ, నమ్మేలా మాత్రం లేదు. మర్నాడు పంక్చర్ షాపు అబ్బాయితో ఫోన్‌లో మాట్లాడించాల్సి వచ్చింది. యాప్ దాచుకున్న చరిత్రలోకి వెళ్ళి చోటు పేరు దిద్దుకోవచ్చు, దిద్దాను కూడా. అప్పటికే లెక్కలోకి ఎక్కేసింది కాబట్టి, ఇంకా కొన్ని గురువారాలు మధ్యాహ్నం అయ్యేసరికి బార్‌కి దారి చూపిస్తూనే ఉంది. ఇంట్లో భోజనం దగ్గర ఫోన్ బోర్లా పెట్టుకుని తిన్నాను.

దీనికి వారాలు తెలుసు గానీ తిథులు తెలీవు. మా వైపు తిరుగుడంతా తిథుల మీదే ఉంటుంది. అందులోనూ రెండు లెక్కలు. ఒడియావాళ్ళకి కార్తీకం కుమార పౌర్ణమి మర్నాడు మొదలై కార్తీక పౌర్ణమితో అయిపోతుంది. మనకి దీపావళి అమావాస్య మర్నాడు మొదలై తర్వాతి అమావాస్య దాకా. అంటే పదిహేను రోజుల తేడా. ఒక వీధిలో ఒడియా ఇళ్ళు నీచు మానేస్తాయి, పక్క వీధిలో తెలుగువాళ్ళకి ఇంకా మానే రోజు రాదు. ఆ నెలన్నరలో నా సరుకు మారుతుంది, కొట్లు తెరిచే వేళలు మారతాయి, నేను ముందు ఎటు వెళ్ళాలో అదీ మారుతుంది. ఫోన్‌కి మాత్రం బుధవారం అంటే బుధవారమే. ఏటా అదే నెలలో అదే తప్పు చేసేది. పోయినేడు నేర్చుకున్నది ఈ ఏడాదికి పనికి రాదు, ఎందుకంటే తేదీలు జరిగిపోయాయి. పంచాంగం ఒకటి దాని చేతికిస్తే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు బోర్డర్ మూసేశారు. అప్పుడు కూడా రెండు వారాలు మంగళవారం గుమ్మ అనే చెప్పింది పాపం. తర్వాత ఊరుకుంది. ఆ ఏప్రిల్‌లోనే గూగుల్ ఇలాంటి కదలికల సమాచారాన్ని పేర్లు లేకుండా పోగేసి, ఎక్కడ జనం తిరుగుడు ఎంత తగ్గిందో రిపోర్టులు వేయడం మొదలెట్టింది. పోల్చడానికి వాళ్ళు తీసుకున్నది 2020 జనవరి 3 నుంచి ఫిబ్రవరి 6 దాకా అయిదు వారాలు, సోమవారానికి సోమవారం, మంగళవారానికి మంగళవారం. అది చదివాక అర్థమైంది, వారం లెక్క నా ఫోన్‌కి మాత్రమే పట్టిన పిచ్చి కాదని.

ఇప్పటిదాకా చెప్పింది నా సొంత ఫోన్ సంగతి. నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది పని కోసం కంపెనీ వేయించిన రెండో యాప్. అందులో మ్యాప్ మీద ప్రతి కొట్టు చుట్టూ ఒక గీత ఉంటుంది. పాత తిరుగుడునిబట్టి పదకొండుకి ఈ కొట్టు, పదకొండూ నలభైకి ఆ కొట్టు అని అదే ఊహించుకుంటుంది. ఊహ తప్పితే పైవాళ్ళకి ఎర్ర చుక్క కనిపిస్తుంది. ఒక ఆగస్టులో వంశధార పొంగి కాశీనగర్ దారిలో రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయి. వెనక్కి తిరిగి, రోజు వృథా ఎందుకని గుమ్మ వైపు బండి తిప్పాను. అరగంటలో బరంపురం నుంచి ఆఫీసర్ ఫోన్.

“ఏం బాబూ, ఇవాళ కాశీనగర్ కదా, అటున్నావేంటి?”

“రోడ్డు మీద నీళ్ళండీ.”

“ఇక్కడ మ్యాప్‌లో రోడ్డు తెరిచే ఉన్నట్టుందే.”

బండి దిగి, నీళ్ళకి ఆగిపోయిన లారీల ఫొటోలు వెతికి పంపించాను. ‘సరే, జాగ్రత్త’ అన్నారు. ఆ రోజు హాజరులో సగం పూటే పడింది. నా ఫోన్ తప్పు ఊహిస్తే నవ్వుకుంటాను. ఆఫీసు యాప్ తప్పు ఊహిస్తే మాత్రం తప్పు నాది అవుతోంది.

పేర్లు తీసేస్తాం కాబట్టి భయం లేదంటారు చాలామంది. 2013లో డి మోంజోయ్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు 15 లక్షల మంది ఫోన్ల 15 నెలల సమాచారం చూసి, ఎప్పుడు ఎక్కడ ఉన్నారన్న నాలుగు చుక్కలు చాలు, 95 శాతం మందిని గుంపులోంచి విడదీయవచ్చని రాశారు. మా ఊళ్ళో నాలుగు అక్కర్లేదు. రాత్రి ఏ వీధిలో పడుకుంటాడు, పొద్దున్న ఏ గోడౌన్ దగ్గర ఉంటాడు అన్న రెండు చెప్తే టీ కొట్టు దగ్గర ఎవరైనా నా ఇంటి పేరుతో సహా చెప్పేస్తారు.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఆలోచించాను. మా అప్పది, అంటే అక్కది, పాతపట్నం. ఆదివారం పొద్దున్న నీలమణి దుర్గమ్మ దర్శనం చేసుకుని వాళ్ళింట్లో టిఫిన్ తిని రావడం ఏళ్ళ అలవాటు. ఆదివారం తొమ్మిదికల్లా ఫోన్‌లో పాతపట్నం వచ్చేసేది. మూడేళ్ళ కిందట ఇంటి స్థలం విషయంలో బావకీ నాకూ మాటా మాటా వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. మొదటి ఆదివారాల్లో ఫోన్ చూపిస్తూనే ఉంది, నేను వేలితో పక్కకి తోసేసేవాణ్ణి. ఎప్పుడు మానేసిందో గమనించలేదు. ఒక ఆదివారం చూస్తే అక్కడ కటింగ్ షాపు పేరుంది. మనుషులైతే ‘మీ అప్ప దగ్గరికి వెళ్ళట్లేదేటి’ అని అడుగుతారు, చుట్టాలు మరీ అడుగుతారు. ఇది ఏమీ అడగకుండా చెరిపేసుకుంది. ఆ కటింగ్ షాపు పేరు చూసిన రోజు మనసు ఏదోలా అయింది గానీ వెంటనే వెళ్ళలేదు. దసరాకి వెళ్ళాను, మా మేనకోడలు ఫోన్ చేసి పిలిస్తే.

వాడాలా వద్దా అంటే, సొంత లెక్కకి బాగా పనికొస్తుంది. పెట్రోలు బిల్లులు పెట్టుకునేటప్పుడు ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు తిరిగానో చూసుకోవడానికి దానిని మించింది లేదు. ఒక కొట్టాయన ‘పదిహేనో తారీఖున సరుకు వెయ్యలేదు’ అని వాదిస్తే, ఆ రోజు ఆయన కొట్టు ముందు పద్దెనిమిది నిమిషాలు ఆగినట్టు తీసి చూపించాను, డబ్బులిచ్చేశాడు. బ్యాటరీ తింటుంది, మరీ ఎక్కువేం కాదు. ఊహలకి మాత్రం అయిదుకి రెండున్నరే ఇస్తాను. మిగతాదానికి నాలుగు. కొత్తగా పెట్టుకునేవాళ్ళు మూడు నెలలు దాటిన పాతది దానంతటదే చెరిగిపోయేలా పెట్టుకోండి, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి, బ్యాకప్ సంగతి నాలా మర్చిపోకండి. ఆఫీసు యాప్‌కి డ్యూటీ వేళల్లోనే లొకేషన్ ఇవ్వండి, సాయంత్రం ఆపేయండి. నేను ఆపేస్తున్నాను, ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదు.

కొత్త ఫోన్‌కి ఇంకా గుమ్మ తెలీదు, రెండు మంగళవారాలే అయ్యాయి. పొద్దున్న తాళం తీసుకుంటే తెర ఖాళీగా ఉంటోంది. నిన్న మధ్యాహ్నం మొదటిసారి ఒక చీటీ వచ్చింది, బార్‌కి నాలుగు నిమిషాలట. వెనక టైరు మళ్ళీ పోయింది మరి.