గంటస్తంభం దగ్గరి మోటారు దుకాణం: మా స్క్రబ్బర్‌కు వ్యాక్యూమ్ మోటారు మార్పించిన అనుభవం

విజయనగరంలో మేము నడిపే కల్యాణమండపంలో నేల కడిగే బ్యాటరీ స్క్రబ్బర్ ఒకటి ఉంది. కింది బ్రష్ నేలను రుద్దుతుంది, వెనుక రబ్బరు పట్టీ మురికినీటిని ఒకచోటికి చేరుస్తుంది, వ్యాక్యూమ్ మోటారు ఆ నీటిని ట్యాంకులోకి లాగుతుంది. ఈ చివరి పని ఆగితే మిగతా రెండూ దండగే. పంక్తి భోజనాలు లేచాక పప్పుచారూ పాయసమూ కలిసిన సబ్బునీరు గ్రానైటు మీద పొరగా ఆరిపోతుంది. దసరాకు ముందు మాకు అదే జరిగింది. మోటారు నాలుగు రోజులు కీచుమని అరిచి, కాలిన వాసనతో నిలిచిపోయింది. యంత్రం అమ్మినవారు దానిని చూడకుండానే, ఫోనులోనే, పైభాగం మొత్తం మార్చాలన్నారు.

గంటస్తంభం దగ్గరి సందులో బోరు మోటార్లకు రాగితీగ వైండింగ్ చుట్టే దుకాణానికి తీసుకువెళ్లాను. అక్కడి పెద్ద మేస్త్రీ మోటారు కంటే ముందు మురికినీటి ట్యాంకు మూత ఎత్తి చూడడమే నాకు నచ్చింది. ట్యాంకు నిండినప్పుడు గాలిదారిని మూయవలసిన ఫ్లోటు జిగురు పట్టి కిందనే ఉండిపోయింది. మా వాళ్లు సబ్బు ఎక్కువగా పోసిన పాపానికి నురగ నేరుగా మోటారులోకి వెళ్లింది. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అరిగి పొట్టివయ్యాయి, అవి రాసుకునే గుండ్రని రాగి భాగం, అంటే కమ్యుటేటర్ మీద గాడి పడింది. అంతవరకు వచ్చాక కార్బన్లు మాత్రమే మార్చినా నిలవవని ఆయన చూపించి చెప్పారు.

దుకాణంలో సిద్ధంగా ఉన్న చవక మోటారు బిగించమని నేనే తొందరపెట్టాను. "అది పొడి దుమ్ముకు పనికొస్తాది గానీ నీళ్లకు పనికిరాదు బాబూ" అని ఆయన ఒప్పుకోలేదు. అటువంటి మోటారులో లాగిన గాలే వైండింగ్ మీదుగా పోయి దానిని చల్లబరుస్తుంది కనుక, ఆ గాలిలోని తడి కూడా లోపలికే చేరుతుంది. నీరు లాగే యంత్రానికి బైపాస్ మోటారు కావాలి. అందులో చల్లబరిచే గాలికి వేరే ఫ్యాను, వేరే దారి ఉంటాయి. 24 వోల్టుల బైపాస్ మోటారును, పాతదాని ఫ్యాను వ్యాసమూ ఎత్తూ కొలిచి, విశాఖపట్నం నుంచి తెప్పించారు. ప్యాకింగ్ రబ్బరు కూడా కొత్తదే వేశారు. పాతది వేస్తే పక్కల నుంచి గాలి పీల్చి లాగుడు తగ్గుతుందట.

బిగించిన వెంటనే పూర్తి వోల్టేజీ ఇవ్వలేదు. రెండు బ్యాటరీలలో ఒకదానికి మాత్రమే కలిపి, 12 వోల్టుల మీద అరగంట ఖాళీగా తిప్పారు. కొత్త కార్బన్ల కొన కమ్యుటేటర్ గుండ్రానికి సరిపడా అరగకముందే పూర్తి భారం పెడితే నిప్పురవ్వలు లేచి రెండూ పాడవుతాయి. ఆ అరగంటకు ఆయన డబ్బు అడగలేదు.

మోటారుకు 7,800, పనికి 900 రూపాయలు తీసుకున్నారు. నా ఫిర్యాదు ఆలస్యం గురించే. మూడు రోజులన్నది తొమ్మిది రోజులైంది; సిరిమానోత్సవం వారంలో పనివారు రాలేదన్నది నిజమే అయినా, ఒక్క ఫోను చేసి ఉంటే మేము మండపానికి అదనంగా మనుషులను పెట్టుకునేవాళ్లం. బిల్లు కూడా అడిగితేనే రాశారు, అందులో మోటారు నంబరు లేదు. నంబరు లేని బిల్లుతో వారంటీ అడగడం కష్టం కనుక, వెళ్లేవారు అది రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.